పురుగు సంగతి

సాలీడు పురుగు కాదు. ఈ ముక్క గుడివాడ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. పురుగుకు ఆరు కాళ్ళు, సాలీడుకు ఎనిమిది. పురుగు ఒళ్ళు మూడు భాగాలు, సాలీడు ఒళ్ళు రెండే. బోర్డు మీద బొమ్మ వేస్తాను, కాళ్ళు లెక్కపెట్టిస్తాను, అందరూ తలలూపుతారు. పరీక్ష పేపరు తెరిస్తే 'సాలీడు ఒక చిన్న పురుగు' అనే మొదలవుతుంది జవాబు. అర మార్కు కోసేస్తాను. ఆ అర మార్కు కోసం స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి బతిమాలిన పిల్లలున్నారు, నేను ఒక్కసారీ మెత్తబడలేదు. ఇంత పట్టుదల ఉన్న మనిషిని నేనే ఎలా కాలుజారానో చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట నవంబరులో మా కాలేజీ పిల్లల్ని పాలకాయతిప్ప బీచికి తీసుకెళ్ళాం. పీతల బొరియలు, గవ్వలు, మడ చెట్ల వేళ్ళు చూపించాలని నా ఆశ. ఫోటోలు దిగాలని వాళ్ళ ఆశ. వాళ్ళ ఆశే తీరింది. తిరిగి వస్తుంటే బస్సు టైరు పంక్చరైంది. డ్రైవరు జాకీ కోసం వెతుక్కుంటుంటే విసుగొచ్చి రోడ్డు పక్క చేను గట్టు మీద కూర్చున్నాను. గట్టుకు ఇటు వరి, అటు మురుగుకాలువ, కాలువ దాటితే ఏమీ పండని ఉప్పు నేల. గట్టు నిండా గడ్డి, గడ్డి మధ్య ఉప్పు నేలల్లో పెరిగే ఎర్రకాడల మొక్క గుబురుగా ఉంది. హాజరు పుస్తకం తెరిచి పిల్లల్ని లెక్కపెడుతుంటే తెల్ల కాగితం మీద నువ్వుగింజంత చుక్క ఒకటి కదిలింది.

చత్వారం వచ్చిన కళ్ళకు అది ఇసుక రేణువే. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే భూతద్దం తీసి చూశాను. సాలీడు. గోధుమరంగు ఒళ్ళు, పొట్ట మీద రెండు తెల్ల గీతలు, కాళ్ళకు మాత్రం నల్లటి పట్టీలు. సాలీళ్ళు చూసీ చూసీ ఉన్నదాన్ని, ఇలాంటిది చూడలేదు. తలనొప్పి మాత్రల సీసా ఖాళీ చేసి అందులోకి ఎక్కించుకున్నాను. మాత్రలన్నీ పర్సులో పొడైపోయాయి, ఆ సాయంత్రం తలనొప్పి వస్తే వేసుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు.

వారం రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. మా దగ్గరున్న పుస్తకాల్లో ఏ బొమ్మతోనూ అది కలవలేదు. వేరే రాష్ట్రంలో సాలీళ్ళ మీదే జీవితమంతా పనిచేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఫోటోలు ఆయనకు పంపాను. నాలుగు నెలలకు మూడు వాక్యాల జవాబొచ్చింది. ఇది ఎవరూ నమోదు చేయని జాతి కావచ్చు. మీరు పంపింది ఆడది. మగది దొరక్కుండా నేనేమీ చెప్పలేను.

దాని అర్థం నాకు తెలుసు. ఈ బుల్లి సాలీళ్ళలో ఆడవి ఒక జాతివీ ఇంకో జాతివీ అచ్చం ఒకేలా కనపడతాయి. తేడా తెలిసేది మగవాటిలో. మగ సాలీడు ముఖం ముందు రెండు పొట్టి చేతుల్లాంటివి ఉంటాయి, ఈడొచ్చాక వాటి కొసలు ఉబ్బుతాయి. ఆ ఉబ్బులోని వంపులే జాతికి వేలిముద్ర. మగవాటికి ఈడొచ్చేది ఏడాదిలో కొద్ది వారాలే, ఆ తర్వాత బతకవు. అంటే కార్తీకమాసం ప్రాంతంలో, మంచు పడే ఉదయాల్లో, నువ్వుగింజలో సగం ఉండే మగవాణ్ణి నేను వెతికి పట్టుకోవాలి. పట్టుకుంటే ఈ భూమ్మీద ఇలాంటి ప్రాణి ఒకటుందని కాగితం మీదకెక్కుతుంది. లేకపోతే అది అక్కడ ఉన్నట్టూ లెక్కలేదు, రేపు లేకుండాపోయినా లెక్కలేదు. గట్లకు సిమెంటు వేస్తున్న కాలం, చేలు రొయ్యల చెరువులైపోతున్న కాలం. నాకు ఆ తొందర పట్టుకుంది.

స్టాఫ్‌రూంలో వాళ్ళకు మాత్రం మంచి కాలక్షేపం దొరికింది. "ఏమండీ, మీ అమ్మాయికి సంబంధం కుదిరిందా?" అని కామర్సు మాస్టారు రోజూ అడిగేవారు. "పిల్లాడు ఎనిమిది కాళ్ళూ సరిగ్గా ఉన్నవాడేనా, ఎంక్వయిరీ చేశారా?" అని తెలుగు మేడం అందుకునేవారు. మొదట్లో నవ్వాను. రెండో ఏడాదికి నవ్వు రావడం మానేసింది. ప్రిన్సిపాల్‌గారైతే, దానివల్ల కాలేజీకి ఏమొస్తుంది మేడం అని సూటిగానే అడిగారు. ఏమీ రాదండీ అన్నాను. అయితే సెలవు పెట్టుకుని వెళ్ళండి అన్నారు. నా సెలవులన్నీ ఆ గట్టుకే పోయాయి.

వేరే చోట్ల వెతకలేదనుకోకండి. గూడూరు పొలాల్లో వెతికాను. గుడివాడ చుట్టూ కాలువ గట్లన్నీ వంగి వంగి చూశాను. బందరు పోర్టు రోడ్డులో ఉప్పు నేలలున్నాయి, అక్కడా చూశాను. కృష్ణ దాటి అవతలి ఒడ్డుకూ వెళ్ళాను. ఎర్రకాడల మొక్క చాలాచోట్ల ఉంది, సాలీడు లేదు. ఆ పంక్చరైన చోట మహా అయితే రెండొందల గజాల గట్టు మీదే ఉంది. ఎందుకు అక్కడే ఉంది అంటే నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలుసుకుందామంటే ముందు మగది కావాలి.

బందరులో మా ఇంట్లో సాలీణ్ణి చంపకూడదు. మా అమ్మమ్మ, మా నానీ నేర్పిన కట్టడి అది. గుహలో దాక్కున్న ప్రవక్తను సాలీడు గుమ్మానికి గూడు అల్లి కాపాడిందని చెప్పేది. పండగ ముందు బూజు దులిపేటప్పుడు కూడా గూట్లో సాలీడు, ఆవిడ మాటలో మకడీ, ఉందేమో చూసి, కాగితం మీదకు ఎక్కించి దొడ్లో వదిలాకే చీపురు ఆనించేది. ఆవిడ మనవరాలు జువాలజీ చదివి సాలీళ్ళను సీసాల్లో ముంచుతుందని ఆవిడకు చెప్పే ధైర్యం నాకు ఆవిడ పోయేదాకా రాలేదు.

ఆ గట్టుకు చేరడం ఒక యజ్ఞం. బందరులో మొదటి బస్సెక్కి, అవనిగడ్డలో మారి, కోడూరు నుంచి ఆటో పట్టుకుంటే ఎనిమిదవుతుంది. ఆ సాలీడు గడ్డి మొదట్లో గోరంత గూడు అల్లుతుంది. మంచు బిందువులు పట్టి ఉన్నంతసేపే ఆ గూడు కంటికి ఆనుతుంది. తొమ్మిదికి ఎండ ముదిరితే మంచు ఆరిపోతుంది, ఇక గూడూ లేదు, గడ్డీ లేదు, అంతా ఒకటే. అంటే నా ఖాతాలో రోజుకు ఒక గంట. ఆ గంటలో తెల్ల గొడుగు తిరగేసి గడ్డి కింద పెట్టి, కర్రతో గడ్డిని తట్టి, గొడుగులో రాలిన వాటిని ఒక గొట్టంతో నోటితో పీల్చి సీసాలోకి లాగాలి. గొట్టం మధ్యలో గుడ్డ కడతాం కాబట్టి అవి నోట్లోకి రావు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు బండి ఆపి మరీ చూసేవారు. ఎండలో గొడుగు తలకిందులుగా పట్టుకున్న ఆడమనిషిని చూసి ఏమనుకునేవారో నాకు తెలుసు, ఒకాయన పైకే అన్నాడు కూడా.

మొదటి ఏడాది పద్నాలుగు దొరికాయి, అన్నీ ఆడవే. రెండో ఏడాది తొమ్మిది ఆడవి, ఈడురాని పిల్లలు కొన్ని. ఆ రెండేళ్ళూ చేను కౌలుకు చేసినాయన నన్ను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నిరుడు చేను సొంతదారే వ్యవసాయంలోకి దిగాడు. అక్కణ్ణుంచీ అసలు కథ.

నిరుడు నేను వెళ్ళిన రోజు నాగులచవితి. నాకు గుర్తుండాల్సింది, లేదు. మోపిదేవి వెళ్ళే జనంతో బస్సు కిక్కిరిసిపోయింది. ప్రతి ఆడమనిషి చేతిలో పాలచెంబు. చల్లపల్లి దాటాక డ్రైవరు బ్రేకు వేస్తే పక్కావిడ చెంబులో పాలు సగం నా చీర మీద పడ్డాయి. ఆవిడ క్షమించమంటుంటే పర్వాలేదమ్మా అన్నాను గానీ లోపల ఉడికిపోతున్నాను. మోపిదేవిలో బస్సు అరగంట ఆగింది. మంచు ఆరిపోతోందని కిటికీలోంచి ఎండ వంక చూస్తూ కూర్చున్నాను.

గట్టు చేరేసరికి పాలవాసన కొడుతున్న చీరతో, చేతిలో సంచితో, చెమటలు కక్కుతూ ఉన్నాను. చేలో నీళ్ళు చూసుకుంటున్న ఒకాయన నన్ను చూసి గట్టెక్కాడు. యాభై అయిదు పైబడ్డ మనిషి, లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఉన్నాడు. ఎవరు మీరు అనలేదు, దణ్ణం పెట్టాడు.

"ఎక్కడిదాకా అమ్మా?" అన్నాడు.

"ఇక్కడికేనండీ. ఈ గట్టు మీద పురుగు కోసం వచ్చాను," అన్నాను.

అదిగో, అక్కడ కాలుజారాను. సాలీడు అంటే పుస్తకం భాష, రైతుకు అర్థమయ్యేలా మాట్లాడుతున్నానని నా తెలివి. దివిసీమలో సాలీడన్న మాట తెలియని మనిషి ఉంటాడా? ఉండడు. అయినా ఆ మాట నోటికి రాలేదు.

ఆయన ముఖంలో భక్తి కనపడింది. "ఈ గట్టున లేదండీ పుట్ట. అటు తూము కాడ ఉంది. చెప్పులు ఇక్కడ ఇప్పేసి వెళ్ళండి. పాలు తెచ్చుకున్నారా?" అన్నాడు.

ఇటువైపు పల్లెల్లో పామును పామనరు. పురుగంటారు. పురుగు ముట్టిందంటే పాము కరిచిందని. ఈ సంగతి నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. నాగులచవితినాడు పాలవాసనతో వచ్చి పురుగు కోసం అంటే ఆయన మాత్రం ఏమనుకుంటాడు? నాకు నవ్వూ వచ్చింది, ఎండ వంక చూస్తే ఏడుపూ వచ్చింది.

"ఆ పురుగు కాదు అన్నయ్యగారూ. చిన్న పురుగు. నువ్వుగింజంత ఉంటుంది. గడ్డి మొదట్లో పడుతుంది," అన్నాను.

"ఓ, అదా," అన్నాడు ఆయన, గుండె మీద చెయ్యి వేసుకుని. "నేనింకా ఏంటో అనుకున్నా. చిన్న పురుగైతే బాధేముందండీ."

నేను గుడివాడలో లెక్చరర్నని, దాని మీద పరిశోధన చేస్తున్నానని చెప్పాను. చాలా సంతోషించాడు. చదువుకున్నవాళ్ళు చేలోకొచ్చి పురుగు గురించి పట్టించుకోవడం ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారండీ అన్నాడు. నంబరు తీసుకున్నాడు. ఆ రోజు నాకు ఏమీ దొరకలేదు, మంచు అప్పటికే ఆరిపోయింది.

తర్వాతి ఆదివారం వెళ్దామంటే కాలేజీలో పరీక్షల డ్యూటీ వేశారు. మగవాటికి ఈడొచ్చే రోజులు ఒక్కొక్కటే చేజారుతున్నాయి. ఈలోగా గట్టు మీద గేదెల్ని మేపుతారేమో, గడ్డి కోసేస్తారేమో అని నాకు నిద్ర పట్టలేదు. ఆయనకు ఫోన్ చేశాను.

"అన్నయ్యగారూ, నేను వచ్చే ఆదివారం వస్తాను. అందాకా ఆ పురుగు సంగతి కాస్త చూడండి," అన్నాను.

"దాని సంగతి నాకొదిలేయండి మేడంగారూ. నేను చూసుకుంటాగా," అన్నాడు.

ఎంత మంచి మనిషి దొరికాడని మా ఆయనతో చెప్పుకున్నాను. శనివారం సాయంత్రం వాట్సాప్‌లో ఆయన గొంతు వచ్చింది. ఆ మెసేజి ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

"మేడంగారూ, నమస్కారమండి. రేపు నిశ్చింతగా రండి. మీరు చెప్పిన పురుగు సంగతి చూసేశానండి. వరికి సుడిదోమ పడితే మందు కొట్టడానికి డ్రోన్ తెప్పించాం. పనిలో పని, గట్టు మీద కూడా రెండు సార్లు కొట్టిచ్చా. గడ్డి కూడా చెక్కిచ్చేశా. ఇంక ఒక్కటి కనపడితే నన్నడగండి. మా ఇంట్లో మీకు వంట చేస్తున్నారు, తినే వెళ్ళాలి."

మూడుసార్లు విన్నాను. మొదటిసారి వినపడలేదనుకున్నాను, రెండోసారి వినపడింది, మూడోసారి ఎందుకు విన్నానో తెలియదు. మా ఆయన పక్కనుంచి, "చూడమన్నావు, చూశాడు. మాట తప్పలేదుగా," అన్నాడు.

తెల్లారి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. గట్టు నున్నగా చెక్కి ఉంది. ఎర్రకాడల మొక్క ఒక్కటీ లేదు. మందువాసన ఇంకా ముక్కుకు కొడుతోంది. మధ్యలో నాకోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, భార్యను కూడా వెంటబెట్టుకుని ఎదురొచ్చాడు. ఎలా ఉంది అన్నట్టు గట్టు వైపు చెయ్యి చూపించాడు.

"ఏం చేశారండీ మీరు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నేను మూడేళ్ళుగా వెతుకుతున్నదాన్ని చంపేశారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదది. ఈ ఒక్క గట్టు మీదే ఉంది. దాన్ని కాపాడమని చెబితే మందు కొడతారా?"

ఆయనకు అర్థం కాలేదు. "పురుగన్నారు కదండీ," అన్నాడు.

"పురుగంటే చంపెయ్యడమేనా? చదువు లేకపోతే పోనీ, ఫోన్ చేసి అడగొచ్చుగా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ తల దించుకుంది. ఆయన మాత్రం దించుకోలేదు. కోపంగా కూడా లేడు, నిజంగా తెలుసుకుందామన్నట్టు చూశాడు.

"పురుగన్నారు, సంగతి చూడమన్నారు. పురుగు సంగతి చూట్టమంటే మాకు తెలిసింది ఒకటేనండి," అన్నాడు.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఎవణ్ణయినా సంగతి చూస్తానన్నారంటే తెలుగు దేశంలో ఎవరికైనా ఏమర్థమవుతుంది? ఊళ్ళో వ్యవసాయాఫీసు గోడ మీద పురుగుల బొమ్మలున్నాయి, వాటి కింద ఏ పురుగుకు ఏ మందో రాసి ఉంది. ఆయన జీవితంలో ఎవరైనా పురుగు అన్నారంటే దాని తర్వాతి మాట మందే. ఆ మాటను ఆయన చేతిలో పెట్టింది నేను. పిల్లల దగ్గర అర మార్కు కోసే దాన్ని. నన్ను నేను కొట్టుకోవాలనిపించింది. ఆయన మీద ఇంకా అరవాలనీ అనిపించింది, అది పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"సాలీడండీ. నేను వెతికేది సాలీడు," అన్నాను చివరికి.

"అయ్యో, సాలీడా," అంది ఆవిడ. "ఆ మాటే చెప్పాల్సింది మేడంగారూ. సాలీళ్ళ జోలికి మేమెందుకు పోతాం. అవి దోమను తింటయ్ గదా."

మోకాళ్ళ మీద కూర్చుని చెక్కిన మట్టిలో వెతకడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనా నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అయిదు దొరికాయి, కాళ్ళు ముడుచుకుని ఎండిపోయినవి. అన్నీ ఆడవే. ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు.

"దీనికి ఎనిమిది కళ్ళున్నయ్యండీ," అన్నాడు.

"అవును."

"చక్కగా ఉంది," అన్నాడు.

భోజనానికి వెళ్ళనని చెప్పాలనుకున్నాను. ఆవిడ బతిమాలింది. వెళ్తే నా ఒక్కదానికే విస్తరి వేసి రొయ్యల వేపుడు వడ్డించింది. మీరు తినరా అంటే, కార్తీకం కదండీ మేం ముట్టుకోం, మీరు తింటారని వండాను అంది. తాము ముట్టని నెలలో నాకోసం వండిన కూర. వాళ్ళకు చదువు లేదని ఆ పొద్దున అన్నది నేనే. ఆ ముద్దలు ఎలా మింగానో నాకే తెలుసు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ సీసాల వైపు చూడలేదు. పెద్దాయనకు జరిగింది రాశాను. ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. నా కళ్ళు దెబ్బతింటున్నాయి, వచ్చే సీజను తర్వాత మైక్రోస్కోపు పని మానేస్తున్నాను, పంపేదుంటే ఈలోగా పంపండి అని. ఇలాంటి వాటిని చూసి చెప్పగల ఇంకొకరు నాకు తెలియదు.

కాలువ అవతలి నుంచి ఎర్రకాడల మొక్క మళ్ళీ పాకింది. జూన్ వానలకు గట్టు పచ్చబడిందని ఆ రైతే ఫోటో పంపాడు. నేను జవాబివ్వలేదు. ఆగస్టు నుంచి రోజుకో ఫోటో పంపడం మొదలుపెట్టాడు. ఇదేనా మేడంగారూ అని. ఒకటి చీమ. ఒకటి గేదె పేను. ఒకటి ఆవగింజ, నిజంగా ఆవగింజే. క్లాసు మధ్యలో ఫోన్ మోగితే ఒళ్ళు మండేది. కాదు, కాదు, కాదు అని రాసేదాన్ని. అక్టోబరులో ఒక ఉదయం మంచు పట్టిన గోరంత గూడు ఫోటో వచ్చింది. ఈసారి అవునని రాశాను. మట్టిలో ఎక్కడో గుడ్లు మిగిలాయన్నమాట.

ఈ నవంబరులో నాలుగు ఉదయాలు వెళ్ళాను. గట్టు మీద ఇరవై గజాల ముక్కకు ఆయన చుట్టూ కర్రలు పాతి, పాత చీర పేలికలు కట్టాడు. ఆ ముక్క మీదా, దాన్నానుకుని ఉన్న చేను మీదా మందు పడనివ్వలేదు. చేను ఆ మూల దోమ పడి, వరి గుండ్రంగా ఎండి మాడినట్టుంది. నేను దాని వంక చూడటం ఆయన చూశాడు. "ఆ మూల ఎప్పుడూ అంతేనండీ," అన్నాడు. అంతకుముందు ఏళ్ళలో ఆ మూల ఎలా ఉండేదో నాకు తెలుసు.

నాలుగో ఉదయం నాకు ఓపిక అయిపోయింది. గొడుగులో అన్నీ ఆడవే. తొమ్మిది కావస్తోంది, మంచు ఆరిపోతోంది, కళ్ళు మసకబారుతున్నాయి. ఇంక నావల్ల కాదని భూతద్దం సంచిలో పడేశాను. అప్పుడు ఆయన గట్టు వాలున బోర్లా పడుకుని, "మేడంగారూ, ఈ గూటి అంచున ఇంకోటి ఉందండీ. చిన్నది. ముందు చేతులు లావుగా ఉన్నయ్," అన్నాడు.

నా చత్వారం కళ్ళకు అది కనపడలేదు. ఆయన గడ్డిపరకతో చూపించాడు. భూతద్దం పెట్టాను. నల్లటి పట్టీలు, రెండు తెల్ల గీతలు, ముఖం ముందు ఉబ్బిన రెండు పొట్టి చేతులు. ఆడదాని గూటి అంచు పట్టుకుని, ఆగి ఆగి దారాన్ని మీటుతున్నాడు. లోపల ఆడది కదలకుండా కూర్చుని ఉంది. గొట్టంతో పీల్చాను. సీసాలోకి వచ్చాడు. గాజు గోడ మీద గిరగిరా తిరుగుతున్నాడు.

నేను స్పిరిటు సీసా తీశాను. ఆయన మోకాళ్ళ మీద లేచి కూర్చున్నాడు.

"అందులో వేస్తే?" అన్నాడు.

"చచ్చిపోతాడు. చంపకుండా పంపడం కుదరదండీ. జాతి తేల్చే పెద్దాయన ఆ చేతుల్ని విడదీసి చూడాలి."

"ఇంకోటి దొరికిందాకా ఆగకూడదా?"

"ఇంకోటి దొరుకుతుందో లేదో నాకు తెలీదు."

"మరి ఇదొక్కటే అయితే?"

ఈ ప్రశ్నకు క్లాసులో ఏటా జవాబు చెబుతాను. ఒక్కదాన్ని చంపితే జాతి మొత్తానికి చిరునామా దొరుకుతుంది, చిరునామా ఉంటేనే ఎవరైనా కాపాడతారు. అబద్ధం కాదది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆయన మాడిన వరి మూలకు వీపు పెట్టి నా ముఖంలోకి చూస్తున్నాడు. మగవాణ్ణి స్పిరిటులోకి వంచాను. ఈదాడు, ఆగాడు, ఎనిమిది కాళ్ళూ దగ్గరకు ముడిచాడు.

చీటీ రాయాలి. ఎక్కడ పట్టింది, ఏ రోజు పట్టింది, ఎవరు పట్టింది. సీసాతో పాటు అదీ ఉండాలి, నేను లేకపోయినా అదుంటుంది. పట్టినవారు అన్నచోట ఆయన పేరు రాయడమే న్యాయమనిపించింది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పమన్నాను.

ఆయన ముడుచుకున్న ఆ కాళ్ళ వంక చూస్తూ మట్టి దులుపుకున్నాడు.

"నిరుడు పోయినవాటికి రాయండి నా పేరు. దీనికి మీ పేరే రాసుకోండి మేడంగారూ," అన్నాడు. వెటకారంగా అనలేదు. ఎవరిది వాళ్ళకు పంచినట్టు అన్నాడు.

నా పేరే రాశాను.